పాదవైద్యమునకు రాజానుజ్ఞ

శరీరావయవములలో పాదమునకు మనవారిచ్చిన స్థానము మిక్కిలి విచిత్రమైనది. గురువు పాదములను కడిగి ఆ నీటిని శిరస్సుపై చల్లుకొందుము. పొరుగువాని పాదము ముట్టుటకు మాత్రము వెనుదీయుదుము. పొరపాటున మన కాలు ఒకనికి తగిలినచో వానిని తాకి కన్నులకద్దుకొందుము. గోళ్ళు తీయుట, ఆనెకాయలు కోయుట, చెప్పులు కుట్టుట అను పనులను కొన్ని కులములవారికప్పగించి, ఆ పనులతోపాటు ఆ మనుష్యులనుగూడ ఊరి చివరకు నెట్టితిమి. దీనివలన వైద్యమునకు కలిగిన నష్టమెట్టిదో విచారింపవలసియున్నది.

2021 సంవత్సరమున మన పార్లమెంటు అనుబంధ ఆరోగ్యవృత్తుల కొరకొక జాతీయ కమిషనును నెలకొల్పుచు చట్టము చేసినది. ఆ చట్టమునకు చేర్చిన పట్టికలో 'పొడియాట్రిస్టు' అను పేరు కలదు. పాదవైద్యుడని దాని యర్థము. చదువరులలో పెక్కుమంది ఆ పేరును గమనించియుండరు. మేమును గమనించియుండెడివారము కాము. మా యింట జరిగిన యొక సంగతి మమ్ము దానివైపు త్రిప్పినది. దానిని తరువాత చెప్పెదము.

వైద్యునకు రాజానుజ్ఞ యుండవలెనను మాట ఆంగ్లేయులు తెచ్చినదని కొందరి భ్రమ. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదియవ అధ్యాయము తెరచినచో ఆ భ్రమ తొలగును. శాస్త్రమును చదివి, దాని యర్థము నెరిగి, శస్త్రకర్మను చూచి, స్వయముగా చేసి, పిమ్మట రాజుచేత అనుమతి పొందినవాడే వీథిలోనికి వైద్యమునకు వెడలవలెనని అందు కలదు. అట్టివాడు గోళ్ళును వెండ్రుకలును కత్తిరించుకొని, తెల్లని వస్త్రము ధరించి, గొడుగును కర్రయు చేతబట్టి, చెప్పులు తొడిగికొని పోవలెనట! చదువొక్కటే యున్నవాడును, చేతిపని యొక్కటే తెలిసినవాడును ఒంటిరెక్క పక్షులవంటివారని మరియొక చోట చెప్పబడినది. కువైద్యుడు జనమును చంపుచున్నాడన్నచో ఆ దోషము రాజునదేయని సుశ్రుతుని తీర్పు. మనువు తప్పుడు చికిత్సకు జరిమానా విధించెను. కౌటిల్యుడు ప్రాణాపాయము గల రోగమును అధికారులకు తెలుపక చికిత్స చేసిన వైద్యుని దండింపుమనెను.

అంతకంటె మాకు ఆశ్చర్యము గొల్పినది ఆ గ్రంథము పాదమునెడ చూపిన శ్రద్ధ. క్షుద్రరోగములను ప్రకరణమున, మిక్కిలి నడచువారి అరికాళ్ళు పగులుట 'పాదదారి' యనియు, చెడు బురదలో తడిసి వేళ్ళ సందులు పాయుట 'అలసకము' అనియు, గులకరాయియో ముల్లో నలగగొట్టగా రేగుగింజవలె గట్టిపడిన ఆనెకాయ 'కదరము' అనియు వేరువేరుగ లక్షణములు చెప్పబడినవి. కదరమును కోసి తీసి కాచిన నూనెతో కాల్చవలెనని చికిత్స. ఎల్లప్పుడు చెప్పులు లేక నడచుట ఆరోగ్యమునకును, ఆయువునకును, కన్నులకును చెరుపని చికిత్సాస్థానము హెచ్చరించుచున్నది. పాదము హీనమైనదను భావము ఇందెక్కడను మాకు కానరాలేదు.

కాలక్రమమున కత్తి వైద్యుని చేతినుండి జారి మంగలి పొదిలో చేరినది. చదువు ఒక యింట, చేతిపని వేరొక యింట నిలిచినవి. ఇది మనకొక్కరికే పట్టిన గతి కాదు. ఇంగ్లండులో 1540లో క్షురకులను, శస్త్రవైద్యులను ఒకే సంఘమున కూర్చిరి, 1745లో విడదీసిరి. శస్త్రవైద్యులకు గౌరవము పెరిగినది; ఆనెకాయలు కోయువారు వీథులలోనే మిగిలిరి. అయినను వారిలో లూయిస్ డర్లాకరు అనునతడు రాణిగారికి పాదచికిత్సకుడై, 1845లో ఈ విషయమున ఒక గ్రంథమును ప్రకటించెను. అమెరికాలో న్యూయార్కు పాదచికిత్సకులు 1895లో సంఘముగా నేర్పడి, తమకు లైసెన్సు వలయునని తామే కోరి చట్టమును సాధించిరి. 1911లో పాఠశాల తెరచిరి. నేడచ్చట ఈ వృత్తి చేయగోరువాడు సాధారణముగ పట్టము పొందిన పిమ్మట నాలుగేండ్లు పాదవైద్య కళాశాలలో చదివి, భాగములుగ జరుగు పరీక్షలలో నెగ్గి, ఆసుపత్రిలో మూడేండ్లు పనిచేసి, తానుండు రాష్ట్రమున లైసెన్సు పొందవలెను. చీలమండ పాదములో చేరునా, చేరదా యని శాసనసభలలోను, న్యాయస్థానములలోను వాదములు జరిగినవి. నవ్వువచ్చునుగాని, ఎవని కత్తి ఎంతవరకు పోవచ్చునో తేల్చుట చిన్న విషయము కాదు.

మన వైపునకు వత్తము. పలమనేరు తాలూకా ఉత్తరార్కాటునుండి విడివడి 1911లో క్రొత్తగా నేర్పడిన చిత్తూరు జిల్లాలో చేరినది. మూడేండ్లకు, 1914లో, మదరాసు వైద్యుల రిజిస్ట్రేషను చట్టము వచ్చినది. పాశ్చాత్యవైద్యము చదివినవారికే ఆ రిజిస్టరులో చోటు. ఆయుర్వేద పండితులు ఊరకుండలేదు. వారి యాందోళన ఫలితముగా 1921లో ఉస్మాన్ కమిటీ యేర్పడినది, 1925లో మదరాసున దేశీయవైద్య పాఠశాల వెలసినది, ఎల్.ఐ.ఎం. అను పట్టము పుట్టినది. ఇది శ్లాఘనీయమే. కాని ఆనెకాయ కోయు మంగలికిని, అరికాలి వంపెరిగి చెప్పు కుట్టువానికిని ఆ రిజిస్టరులో చోటు లేకపోయెను. శ్లోకము వచ్చినవానికి తుదకు కాగితము దొరకినది. చేయి తిరిగినవానికి దొరకలేదు.

ఈ రెంటిని మరల దగ్గరకు చేర్చిన పని మాకు చేరువలోనే, చిత్తూరు దాటిన పిదప వచ్చు వేలూరులో జరిగినది. 1946లో అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల పాదములను చేతబట్టి పరీక్షించెను. వారి మాంసము తనంతట కుళ్ళిపోవునని లోకము నమ్మియుండగా, నొప్పి తెలియకపోవుటచే తగిలిన దెబ్బపైననే మరల మరల నడచుటవలన పుండ్లు పడుచున్నవని ఆయన గ్రహించెను. అందుచేత మందుతోపాటు తగిన చెప్పును వెదకవలసివచ్చెను. వేలూరునొద్ద కరిగిరిలో 1955లో నెలకొన్న కుష్ఠుపరిశోధనాలయమున మెత్తని రబ్బరు అట్టలతో చెప్పులు తయారైనవి. చెప్పులు కుట్టువాని ఆరె శస్త్రవైద్యుని కత్తి ప్రక్కకు వచ్చి కూర్చున్నది. 1966లో బ్రాండు అమెరికాకు పోయి ఆ జ్ఞానమును మధుమేహరోగుల పాదములకు వినియోగించెను.

ఇక మా యింటి సంగతి. మా తండ్రిగారు పలమనేరు వైపు టొమాటో తోటలలో జీవితమెల్ల వట్టికాళ్ళతో తిరిగినవారు. మధుమేహము వచ్చి పండ్రెండేండ్లైనది. బొటనవ్రేలి క్రింద ఆనెకాయ లేచినప్పుడు ఊరి మంగలిని పిలిపించిరి. ఆ వృద్ధుడు ఉప్పునీటిలో కాలు నానబెట్టి, కత్తి మొనతో మెల్లగ తాకి చూచి, కత్తి పొదిలో పెట్టివేసెను. "సామీ, కత్తి తగిలినా మీకు తెలీడం లేదు. నేను కొయ్యను. పెద్దాసుపత్రికి పోండి" అనెను. మా తండ్రిగారికిది చిన్నతనముగా తోచినది. పట్టణమున 'పాదవైద్య నిపుణుడు' అను బోర్డు గలవాని యొద్దకు తీసికొనిపొమ్మనిరి. మేమే తీసికొనిపోతిమి. గోడపై బంగారు అంచుగల యోగ్యతాపత్రము చూచి తృప్తిపడితిమి. అతడు కోసి, ఏదో ఘాటైన పట్టీ అంటించి పంపెను. మూడు వారములకు వ్రేలు నల్లబడినది. వేలూరులో దానిని తీసివేసిరి.

పిమ్మట ఒకనాడు మేము మరల ఆ గదికి పోయి ఆ పత్రమును చదివితిమి. రెండు దినముల శిక్షణకు హాజరైనట్లు మాత్రమే అందున్నది. ఏటేట వందలకొలది జవాబుపత్రములు అక్షరమక్షరము దిద్దెడి మేము ఆనాడు ఆ నాలుగు పంక్తులు చదువలేదు. వృద్ధుని మాటను మాత్రము, అది మంగలి నోట వచ్చినదగుటచే, మేమును లెక్కింపమైతిమి.

మధుమేహముచే స్పర్శ పోయినవారు ఇంటిలోపలగూడ వట్టికాళ్ళతో నడువరాదని వేలూరు వైద్యులు మా తండ్రిగారికి చెప్పి, పాదము కొలత తీసి మెత్తని చెప్పులు కుట్టించియిచ్చిరి. చెప్పులు గడప దాటి లోనికి వచ్చుటకు మా తల్లిగారు మొదట ఒప్పుకొనలేదు. ఇప్పుడవి రాత్రివేళ మంచము ప్రక్కనే యుండును. ప్రతి సాయంకాలము ఆ వృద్ధుడు వచ్చి, దీపము దగ్గరకు జరిపి, మిగిలిన తొమ్మిది వ్రేళ్ళ సందులను చూచి పోవుచున్నాడు.