బాటసారి చేతిలోని పత్రం

జకాత్ ధనాన్ని ఎవరికి పంచాలో నిర్ణయిస్తూ దివ్య ఖుర్ఆన్ 8 వర్గాలను పేర్కొన్నది. తౌబా సూరా 60వ ఆయత్‌లోని ఈ జాబితాలో చివరి పేరు ఇబ్నుస్సబీల్. అరబ్బీలో ఈ మాటకు ‘దారి బిడ్డ’ అని అర్థం. సొంత ఊళ్లో ఇల్లూ వాకిలీ ఉన్నప్పటికీ పరాయి చోట చేతిలో పైసా లేక చిక్కుకుపోయిన బాటసారి అని ధర్మశాస్త్రవేత్తలు దీనిని వివరించారు.

ఈ దారి బిడ్డ ఎవరో తెలుసుకోవడానికి ఉత్తర తెలంగాణ వాసులు పెద్ద గ్రంథాలు తిరగేయనక్కరలేదు. ఒకనాడు కరీంనగర్ జిల్లాలో భాగమై, 2016 అక్టోబరు 11 నుండి పెద్దపల్లి జిల్లాలో చేరిన సుల్తానాబాద్ ప్రాంతంలో ఏ వీధిలో అడిగినా అతని జాడ చెబుతారు. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని ఇక్కడి ప్రజలు తమ బతుకును మూడు మాటల్లో చెప్పుకున్నారు. కొందరు సింగరేణి గనులకు దిగారు. కొందరు బొంబాయికి, భీవండీ మగ్గాలకు వెళ్లారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాలలో కట్టడాలు మొదలైనప్పుడు మూడవ దారి తెరుచుకున్నది. హిందువులూ ముస్లిములూ ఒకే ఏజెంటు గుమ్మం ముందు నిలబడ్డారు.

ఇటువంటి బాటసారులకు సహాయపడడం గడచిన నూరేళ్లలో ప్రపంచమంతటా ఒక వృత్తిగా, ఒక విద్యగా ఎదిగింది. ఆ చరిత్రను మన చరిత్ర పక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. అన్నమూ, బట్టా, నీడా బాటసారిని ఆ పూట కాపాడతాయి. మర్నాటి నుండి అతన్ని కాపాడేది అతని హక్కును నమోదు చేసి, అతని చేతిలోనే ఉండే పత్రం.

మదీనా సహీఫా

క్రీ.శ. 622లో మక్కా నుండి మదీనాకు తరలివచ్చిన ముహాజిర్లు ఇళ్లను, వ్యాపారాలను, బంధువర్గాన్ని వెనుక వదలి వచ్చారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారికీ మదీనా వాసులైన అన్సార్లకూ మధ్య ముఆఖాత్ అనే సోదర బంధాన్ని నెలకొల్పారు. మన ప్రసంగాలలో ఈ సోదరత్వం తరచుగా వినబడుతుంది. దానితోపాటు వ్రాయబడిన సహీఫా అంతగా వినబడదు. ఇబ్ను ఇస్‌హాఖ్ సేకరించగా ఇబ్ను హిషామ్ గ్రంథం ద్వారా మనకు అందిన ఈ పత్రంలో ఖురైష్ ముహాజిర్లు మదీనా తెగల వరుసలోనే ఒక వర్గంగా పేర్కొనబడ్డారు. తమలో ఎవరైనా రక్తపరిహారం చెల్లించవలసి వస్తే, ఎవరైనా బందీగా చిక్కితే, ఆ సొమ్మును ఆ వర్గమే సమకూర్చుకోవాలని అందులో ఉన్నది. నిన్నటి వరకు ఆశ్రితుడైనవాడు బాధ్యతలు గల సభ్యుడైనాడు. ముఆఖాత్ మూలంగా ఏర్పడిన వారసత్వపు ఏర్పాటు తర్వాత ఆగిపోయింది. పత్రంలో దొరికిన స్థానం మాత్రం నిలిచింది.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటె పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అది ఆరాధనల గురించి చెప్పదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ, మొత్తం చిన్నదైనా వ్రాయడానికి విసుగుపడరాదనీ చెబుతుంది. నమ్మకం గలవారి మధ్య కూడా వ్రాత అవసరమే అన్నది ఇందులోని పాఠం.

హైదరాబాదు పండితుడు

ఈ సహీఫాను ప్రపంచంలోనే తొలి లిఖిత రాజ్యాంగంగా నిరూపించడానికి పూనుకున్న పండితుడు హైదరాబాదువాడే. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ 1908లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియాలో చదివి, జర్మనీలోని బాన్‌లోనూ పారిస్‌లోనూ డాక్టరేటులు పొంది, ఉస్మానియాలోనే అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. 1948లో హైదరాబాదు సంస్థానం తరఫున ఐక్యరాజ్య సమితికి వెళ్లిన ప్రతినిధి బృందంలో ఆయన ఉన్నారు. ఆ సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసిపోయింది. ఆయన పారిస్‌లోనే ఉండిపోయారు. దశాబ్దాల పాటు అక్కడ పరిశోధన చేసి, ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించినా ఏ దేశపు పౌరసత్వమూ స్వీకరించలేదు. శరణార్థులకు ఫ్రాన్సు ఇచ్చే ప్రయాణ పత్రంతోనే దేశదేశాలు తిరిగి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన రాజకీయ నిర్ణయంతో ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. ముహాజిర్ల పత్రాన్ని జీవితమంతా చదివిన పండితుడు తానూ ఒక పత్రం ఆధారంగానే బతికాడన్నది మాత్రం గమనించదగిన విషయం.

ఆ ప్రయాణ పత్రానికి ఒక వంశవృక్షం ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లక్షల మంది రష్యన్లు దేశంలేనివారైనారు. నానాజాతి సమితి 1921లో నార్వే దేశస్థుడు ఫ్రిత్యోఫ్ నాన్సెన్‌ను శరణార్థుల హైకమిషనరుగా నియమించింది. ఆయన మొదట గుర్తించిన చిక్కు ఆకలి ఒక్కటే కాదు. పాస్‌పోర్టు లేనివాడు సరిహద్దు దాటలేడు, సరిహద్దు దాటనిదే పని దొరకదు. 1922లో ఆయన పేరిట వెలువడిన గుర్తింపు పత్రాన్ని క్రమంగా 50కి పైగా ప్రభుత్వాలు అంగీకరించాయి. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో ప్రయాణ పత్రం ఒక హక్కుగా చేరింది.

సేవ ఒక విద్యగా మారడం

1924లో జెనీవా కేంద్రంగా ఏర్పడిన ఇంటర్నేషనల్ సోషల్ సర్వీస్, ఒక దేశంలో తండ్రి, మరొక దేశంలో తల్లీ పిల్లలూ చిక్కుకున్న కుటుంబాల వ్యవహారాలు చూడడానికి దేశదేశాల సంఘసేవకులను కలిపింది. మన దేశంలో 1936లో బొంబాయిలో మొదలైన టాటా సంఘసేవా విద్యాలయం, దేశ విభజన తర్వాత కురుక్షేత్ర శిబిరానికి తన బృందాన్ని పంపింది. శరణార్థుల మధ్య శిక్షణ పొందిన సంఘసేవకుల పనికి మన దేశంలో అది తొలి ఉదాహరణలలో ఒకటి.

1982లో ఆక్స్‌ఫర్డ్‌లో శరణార్థుల అధ్యయన కేంద్రాన్ని స్థాపించిన బార్బరా హారెల్ బాండ్ ఈ సేవనే ప్రశ్నించారు. దక్షిణ సూడాన్‌లోని ఉగాండా శరణార్థులను పరిశీలించి 1986లో వెలువరించిన గ్రంథంలో, సహాయ సంస్థలు శరణార్థిని చేయి చాచేవాడిగానే చూసి, అతని శక్తినీ హక్కునూ మరచిపోతున్నాయని ఆమె వాదించారు. తర్వాతి కాలంలో ఆమె శరణార్థులకు న్యాయసహాయం అందించే పనికే ఎక్కువగా అంకితమైనారు. 2009లో ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ప్రచురించిన గ్రంథంలో ఈజిప్టు న్యాయశాస్త్రవేత్త అహ్మద్ అబుల్ వఫా, శరణు కోరినవానికి అమాన్ ఇవ్వడమనే ఇస్లామీయ సంప్రదాయాన్ని నేటి శరణార్థి న్యాయంతో పోల్చి చూపారు. ఇద్దరి దారులు వేరైనా చేరిన చోటు ఒకటే. శరణు దయాభిక్ష కాదు, అడిగి తీసుకోదగిన హక్కు.

గల్ఫ్ దారి

ఇక మన ప్రాంతానికి వద్దాం. గల్ఫ్ కార్మికుడు చట్టం దృష్టిలో శరణార్థి కాడు. తన ఇష్టంతో వెళ్లినవాడు. అయితే 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించినప్పుడు ఈ తేడా ఒక్క రాత్రిలో చెరిగిపోయింది. జీతం, సామాను, దాచుకున్న డబ్బు వదలి భారతీయులు ఎడారి దాటి జోర్డాన్ శిబిరాలకు చేరారు. అమ్మాన్ నుండి సుమారు 1,70,000 మందిని విమానాలలో స్వదేశానికి తెచ్చారు. ఇది అందరికీ తెలిసిన కథ.

అంతగా తెలియనిది తర్వాత జరిగింది. భద్రతా మండలి 1991లో పరిహార కమిషన్‌ను నెలకొల్పి, ఇరాక్ చమురు ఆదాయం నుండి నష్టపరిహారం ఇప్పించింది. కువైట్ విడిచి రావలసి వచ్చిన వ్యక్తికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు, వేరే ఏ పద్దు కిందా కోరనివారికి వరుసగా 4,000, 8,000 డాలర్లు అని నిర్ణయించింది. ఈ పద్దుకు పెద్ద సాక్ష్యాలేమీ అడగలేదు. అక్కడ ఉన్నట్టూ, ఫలానా తేదీల మధ్య విడిచి వచ్చినట్టూ తెలిపే సాదా ఆధారం చాలన్నారు. కమిషన్ 2022లో ముగిసేనాటికి అన్ని దేశాల బాధితులకు చెల్లించినది 5,240 కోట్ల డాలర్లు. ఈ సొమ్ము జాలిపడి ఇచ్చినది కాదు, లెక్కకట్టి ఇచ్చినది.

వలసను క్రమబద్ధం చేయడానికి 1922 నాటి చట్టం స్థానంలో మన దేశంలో 1983లో కొత్త చట్టం వచ్చింది. ఏజెంటు నమోదై ఉండాలి, పదవ తరగతి చదవనివాడు గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్లాలంటే అనుమతి ముద్ర వేయించుకోవాలి, ఒప్పంద పత్రం చూపాలి. 2003లో ప్రవాసుల బీమా వచ్చింది. ఈ ఏర్పాట్లన్నీ ఒక ద్వారం గుండా వెళ్లినవారికే వర్తిస్తాయి. సందర్శకుల వీసాపై వెళ్లి అక్కడే కూలికి కుదిరినవాడు ఆ ద్వారం పక్కనుండి వెళ్లిపోయాడు. అతడు పరంజా మీదినుండి పడి చనిపోతే శవపేటిక ఇంటికి చేరినా, బీమా సొమ్ము చేరదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు ప్రకటించిన 5 లక్షల రూపాయల సహాయానికి కూడా మరణ ధ్రువపత్రం వంటి ఆధారాలు చేర్చవలసిందే.

సిరిసిల్ల ప్రాంతానికి చెందిన 5గురి ఉదంతం ఈ పాఠానికి మరొక కోణం చూపుతుంది. ఒక నేపాలీ కావలివాని హత్య కేసులో వారు దుబాయి జైలులో సుమారు 18 ఏళ్లు గడిపి 2024 ఆరంభంలో ఇల్లు చేరారు. మృతుని కుటుంబానికి నేపాల్‌లో 15 లక్షల రూపాయల పరిహారం అందజేసి, క్షమాపత్రం వ్రాయించి తెచ్చారు. దియత్ అంటే ఏమిటో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. అయితే ఆ పత్రం చేతికి వచ్చిన వెంటనే జైలు తలుపులు తెరుచుకోలేదు. దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగేవారు కావలసి వచ్చింది. పత్రం తనంతట తాను నడవదు. దాన్ని నడిపించే మనిషే సంఘసేవకుడు.

కాగితం ఎవరి చేతిలో?

కాగితం ఎప్పుడూ బాటసారికి మిత్రుడే అనుకోవడం కూడా పొరపాటు. ఫిఖ్‌లో కఫాలా అంటే ఒకరి భారాన్ని మరొకరు పూచీగా వహించడం. గల్ఫ్ కార్మిక వ్యవస్థలో అదే పేరు, యజమాని అనుమతి లేనిదే పని మారరాని కట్టుబాటుగా మారింది. చట్టం కాదన్నా పాస్‌పోర్టు యజమాని బీరువాలోనే ఉండిపోవడం అక్కడ మామూలైంది. ఖతర్ 2020లో పని మారడానికి యజమాని అనుమతి అక్కరలేదని చట్టం తెచ్చింది. అదే సంవత్సరం కరోనా కాలంలో జీతం అందకనే వేలమంది విమానమెక్కవలసి వచ్చినప్పుడు, ఆసియా వలస కార్మికుల వేదిక మరికొన్ని సంస్థలతో కలిసి రావలసిన జీతాల లెక్కలు నమోదు చేసే ఉద్యమాన్ని ప్రారంభించింది.

మన ప్రాంతం మనుషులను పంపడమే కాదు, చేర్చుకున్నది కూడా. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ ప్రాంతాలలో తూర్పు బెంగాల్ శరణార్థులకు ఆవాసం కల్పించారు. వారికి నేల దొరికింది. అయితే వారిలోని నమశూద్రులు బెంగాల్‌లో షెడ్యూల్డు కులంగా గుర్తింపు పొందినవారు. ఆ జాబితా రాష్ట్రానికొకటి కావడంతో ఇక్కడ ఆ ధ్రువపత్రం కోసం వారి సంతానం అడుగుతూనే ఉన్నది. కాగితం పేరుతో వెలసిన ఊరి పక్కనే ఒక కాగితం కోసం తరాలు ఎదురుచూడడం విచారకరం.

హైదరాబాదులోని బాలాపూర్ ప్రాంతంలో 2012 తర్వాత వచ్చి చేరిన రోహింగ్యాల స్థితి ఇంకా కఠినమైనది. బర్మా 1982 పౌరసత్వ చట్టం వారిని దేశంలేనివారిని చేసింది. భారతదేశం 1951 ఒడంబడికపై సంతకం చేయలేదు. 2025 వరకు అమలులో ఉన్న 1946 నాటి విదేశీయుల చట్టంలో శరణార్థి అనే వర్గమే ఉండేది కాదు. ఐక్యరాజ్య సమితి సంస్థ ఇచ్చే కార్డు వారికి కొంత ఆసరా. మత సామరస్యం కోసం హైదరాబాదు పాతబస్తీలో పుట్టిన కోవా సంస్థ ఆ సంస్థతో కలిసి వారి మధ్య పనిచేసింది. పిల్లను బడిలో చేర్చడం, రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్లడం, కార్డు గడువు గుర్తుచేయడం వంటివే ఆ పనిలో ముఖ్యమైనవి. చూడడానికి చిన్న పనులు. కార్డు గడువు దాటిన కుటుంబాన్ని అడిగితే అవి ఎంత పెద్దవో తెలుస్తుంది.

మన ముందున్న పని

మన ఊళ్లలో దాతృత్వానికి లోటు లేదు. రమజాన్‌లో జకాత్ వసూలవుతుంది, శవపేటిక వచ్చిన ఇంటికి బియ్యం మూట చేరుతుంది. ఇబ్నుస్సబీల్ వాటాను ఈ కాలపు బాటసారికి అందేలా ఎలా ఖర్చు చేయాలన్నది ఉలమాలు ఆలోచించవలసిన విషయం. ఆ నిర్ణయం కోసం ఆగకుండా ఇప్పుడే చేయదగిన పని ఒకటున్నది. ప్రతి జమాఅత్‌లో చదువుకున్న ఇద్దరు యువకులు ఒక దస్తరు తెరవాలి. ఊరి నుండి గల్ఫ్‌కు వెళ్లే ప్రతివాని, అతడు ఏ మతస్థుడైనా, పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా పత్రాల నకళ్లు అతని అనుమతితో తీసి, ఒక ప్రతి అతని భార్యకో తల్లికో ఇవ్వాలి. ఏజెంటుకు ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడిగి తీసుకోవాలి. వీసా సందర్శకులదా, పనిదా అన్నది విమానమెక్కక ముందే చదివి చెప్పాలి.

దీనికి అయ్యే ఖర్చు నకళ్ల ఖర్చే. అప్పు చిన్నదైనా వ్రాసుకోమన్న గ్రంథాన్ని నమ్మినవారు, ఒక మనిషి ప్రాణాన్ని, అతని చెమట విలువను వ్రాసిపెట్టడానికి విసుగుపడరాదు.