శ్రీలంకకు భారత ఇంధన సాయం (2022)

విదేశీ మారక ద్రవ్యం నిండుకుని చమురు కొనలేని స్థితికి చేరిన శ్రీలంకకు 2022లో భారతదేశం ప్రధానంగా రుణ రూపంలో పెట్రోలు, డీజిల్ సరఫరా చేసింది. ఇటీవలి కాలంలో దక్షిణాసియాలో ఒక దేశం పొరుగు దేశానికి అందించిన పెద్ద ఇంధన సాయాల్లో ఇదొకటి.

నేపథ్యం

శ్రీలంక వాడే చమురంతా దిగుమతిదే. దేశంలోని ఏకైక చమురుశుద్ధి కర్మాగారం కొలంబో సమీపంలోని సపుగస్కందలో 1969లో మొదలైంది. 2019 ఈస్టర్ పేలుళ్లు, ఆ వెంటనే కోవిడ్ పర్యాటక రాబడిని దెబ్బతీశాయి. 2019 చివర్లో చేసిన పన్నుల కోతతో ఖజానా చిక్కిపోయింది. ముడి చమురు కొనడానికి డాలర్లు లేక 2021 నవంబరులో సపుగస్కంద మూతపడింది. 2022 మార్చి చివరికి విద్యుత్ కోత రోజుకు 13 గంటలకు చేరింది. ఇంధనం కోసం వరుసల్లో నిలబడి వృద్ధులు ప్రాణాలు కోల్పోయారు. బతుకు గడవక కొందరు తమిళులు పడవల్లో రామేశ్వరం తీరానికి చేరారు.

సాయం తీరు

2022 ఫిబ్రవరి 2న భారత ఎగుమతి-దిగుమతి (ఎగ్జిమ్) బ్యాంకు, శ్రీలంక ప్రభుత్వం 50 కోట్ల డాలర్ల రుణ ఒప్పందం చేసుకున్నాయి. తర్వాత మరో 20 కోట్ల డాలర్లు కలిపారు. ఈ రుణంతో ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్ ఓడల్లో ఇంధనం పంపింది. ఏప్రిల్ 2న కొలంబో చేరిన ఒక్క ఓడలోనే 40,000 టన్నుల డీజిల్ ఉంది. జాఫ్నా దీవుల మత్స్యకారులకు మాత్రం 15,000 లీటర్ల కిరోసిన్‌ను ఉచితంగా ఇచ్చారు.

ముడి చమురు అందినా దాన్ని శుద్ధి చేయాలి, అందుకు కర్మాగారం నడవాలి. డీజిల్ అయితే ఓడ దిగగానే బస్సులకు, విద్యుత్ కేంద్రాలకు పనికొస్తుంది. ఆపదలో ఉన్న దేశానికి ఈ తేడా ఎంతో ముఖ్యం.

ఇతర ఉదాహరణలు

పొరుగు దేశానికి ఇంధనం పంపే ఏర్పాట్లు ఆసియాలో మరికొన్ని ఉన్నాయి. చైనా తన దాండాంగ్ నగరం వైపు నుంచి ఉత్తర కొరియాకు పైప్‌లైన్‌లో ముడి చమురు పంపుతుంది. 2017 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2397వ తీర్మానం ఉత్తర కొరియాకు ముడి చమురు సరఫరాను ఏడాదికి 40 లక్షల బ్యారెళ్లకు పరిమితం చేసింది. నేపాల్‌కు భారత్ నుంచి 69 కిలోమీటర్ల మోతీహారి–అమ్లేఖ్‌గంజ్ పైప్‌లైన్ 2019లో ప్రారంభమైంది. అయితే అందులో ప్రవహించేది శుద్ధి చేసిన ఇంధనం, అదీ వ్యాపారం కింద.

ఫలితం

భారత్ చేసిన సాయం శ్రీలంకకు కొన్ని నెలల ఊపిరినిచ్చింది కానీ సంక్షోభాన్ని ఆపలేకపోయింది. 2022 ఏప్రిల్ 12న శ్రీలంక ప్రభుత్వం విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేసింది. జూన్ చివర్లో ఇంధనాన్ని అత్యవసర సేవలకే పరిమితం చేసింది. జులైలో అధ్యక్షుడు గోటబాయ రాజపక్స దేశం విడిచి వెళ్లారు. అదే నెలలో క్యూఆర్ కోడ్ ఆధారిత ఇంధన పాస్ మొదలైంది. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి సుమారు 300 కోట్ల డాలర్ల కార్యక్రమాన్ని ఆమోదించింది.

అప్పుగా ఇచ్చిన చమురు నెలల్లో కాలిపోతుంది, బాకీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకే ఇలాంటి సాయానికి విలువ కట్టేటప్పుడు ఎన్ని టన్నులు పంపారన్నదానితో పాటు తిరిగి చెల్లించే షరతులనూ చూడాలి. భారత్, జపాన్, ఫ్రాన్స్ సహాధ్యక్షత వహించిన రుణదాతల కమిటీతో శ్రీలంక అప్పుల పునర్వ్యవస్థీకరణ ఒప్పందానికి వచ్చింది 2024 జూన్‌లోనే.