పక్షవాతము – చేతి చలనము: కపాలము విప్పని చికిత్సా చరిత్ర

పక్షవాతమున పడిపోయిన చేయి నిజమునకు చెడినది కాదు. చేతికి ఆజ్ఞ నిచ్చు తావు చెడినది. మెదడునకు నెత్తురు కొనిపోవు నాళము మూసికొనినను, చిట్లినను అందలి కొంత భాగము నశించును. ఎడమ అర్ధగోళము దెబ్బతినిన కుడి చేయియు, కుడి యర్ధగోళము దెబ్బతినిన ఎడమ చేయియు చచ్చుబడును. ఆ తావును ఎముక తెరువకయే మేల్కొల్పవచ్చునా యను ప్రశ్న నుండి ఈ చరిత్ర పుట్టినది.

1870లో బెర్లిను నగరమున ఫ్రిట్ష్, హిట్జిగ్ అను వైద్యులు కుక్క మెదడు పైపొరకు స్వల్ప విద్యుత్తును సోకించి, ఎదుటి ప్రక్క కాలు కదలుట చూపిరి. అవయవ చలనమునకు మెదడున నియత స్థానములు కలవని దానివలన తేలెను. కాని మనుష్యుని విషయమున కపాలము అడ్డుగా నిలిచెను. 1980లో ఇంగ్లండున మెర్టన్, మార్టన్ అనువారు తలచర్మము మీదుగా అధిక వోల్టేజి విద్యుత్తును పంపి చేతి కండరమును కదల్చిరి. అయితే అది బాధాకరము. 1985లో షెఫీల్డున ఆంథొనీ బార్కరును, ఆయన సహచరులును తలపై తీగచుట్ట నుంచి, అందు క్షణమాత్రము బలమైన విద్యుత్తును పాఱించిరి. 1831లో ఫారడే కనుగొనిన సూత్రము చొప్పున, మాఱుచున్న అయస్కాంత క్షేత్రము ఎముకను దాటి మెదడున విద్యుత్తును పుట్టించెను. అంత బాధ లేకయే చేయి కదలెను.

2000లో జర్మనీలోని గొట్టింగెనున నిట్షె, పౌలస్ అనువారు వేఱొక మార్గము చూపిరి. సన్నని ఏకముఖ విద్యుత్తును తలచర్మముపై కొన్ని నిమిషములు ప్రసరింపజేసినచో, దానిని ఆపిన పిదపను చలనస్థానపు స్పందన కొంతసేపు మాఱియుండును.

రెండర్ధగోళములు ఒకదానినొకటి అదుపులో నుంచునని శాస్త్రజ్ఞు లెఱుగుదురు. ఒకటి దెబ్బతినగా, రెండవది దానిని మితిమీఱి అణచునని కొందఱు ఊహించిరి. అందుచే దెబ్బతినిన దానిని లేపుట, ఆరోగ్యముగా నున్నదానిని నెమ్మదింపజేయుట యను రెండు పద్ధతు లేర్పడెను. 2005లో హుమ్మెల్ ప్రభృతులు ఆరుగురు రోగులలో చేతిపనులు కొంత మెఱుగుపడుట గమనించిరి. ఆశలు పెరిగెను.

ఆశకు పరీక్ష 2018లో వెలువడిన అమెరికా పరిశోధనయందు జరిగెను. 12 కేంద్రములలో 199 మంది రోగులను రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు నిజమైన అయస్కాంత ప్రేరణను, రెండవదానికి నామమాత్రపు ప్రేరణను ఇచ్చిరి. ఆ పిమ్మట ఇరువురచేతను చేతి అభ్యాసము చేయించిరి. ఆఱు నెలల తరువాత చూడగా మొదటి వర్గమున నూటికి 67 మంది, రెండవ వర్గమున 65 మంది మెఱుగుపడిరి. యంత్రము వలన విశేష మేమియు కానరాలేదు. ఇరువర్గములకును సమానమై నిలిచినది అభ్యాసమే.

ఇంతమాత్రమున ఈ విద్య వ్యర్థమని యనరాదు. చేతికి మెదడునుండి పోవు మార్గము మిగిలియున్నదో లేదో తెలిసికొనుటకు అయస్కాంత ప్రేరణ నేడును ఉపకరించుచున్నది. ఏ రోగికి, ఏ సమయమున ప్రేరణ ఫలించునో యను అన్వేషణయు సాగుచున్నది. కాని యంత్రముపై నమ్మిక యుంచి, నిత్యాభ్యాసమును మానుకొను కుటుంబమునకు ఈ చరిత్ర ఒక హెచ్చరిక: గ్లాసు నెత్తుట, గుండీ పెట్టుట, అన్నము కలుపుట అను చిన్న పనులను వేలసార్లు చేయుటకు బదులు కాగల యంత్రము ఇంకను పుట్టలేదు.