వేటతుపాకి బరువు: దక్కనుచరిత్రమునుండి కొంత విచారము

హైదరాబాదునగరమున మూసీనది కుత్తరపుటొడ్డున నున్న అఫ్జల్‌గంజ్, ఐదవ నిజామగు అఫ్జలుద్దౌలా (1857–1869) పేర వెలసిన ధాన్యపుఁబేట. అట్టి పేటలో బస్తాను మోయువాఁడు హమాలి; తూఁచువాఁడు వేఱు, కొనువాఁడు వేఱు. అచ్చటినుండి నయాపూలు దాఁటి తూర్పునకుఁ గొంత నడచినచో సాలార్‌జంగు ప్రదర్శనశాల వచ్చును. అందలి యాయుధములలోఁ బాతతుపాకులును గలవు. అద్దము వెనుక నుంచిన తుపాకికి నగిషీ కనఁబడును, పొడవు కనఁబడును. బరువు మాత్రము కనఁబడదు. వేటచరిత్రములు వ్రాసినవారును దఱచుగాఁ జంపిన పులుల లెక్క చెప్పి, పట్టిన తుపాకి తూనికను విడిచిపెట్టిరి. ఈ యుపేక్షచేత నొక ముఖ్యప్రశ్న మఱుఁగుపడినది. అడవిలోఁ దుపాకిని మోసిన దెవరు?

ప్రాచీనశాస్త్రములలో నాయుధభారమును గూర్చిన చర్చకు హేతువు లేకపోయెను. కౌటిల్యుఁడు వ్యసనములను విచారించుచు, మృగయయందు వ్యాయామము, కఫపిత్తమేదస్సుల క్షయము, చలాచలలక్ష్యములయం దభ్యాసము, మృగముల చిత్తజ్ఞానము గలవని యొప్పుకొనెను. శాకుంతలమున సేనాపతియు వేటచే దేహము తేలికపడునని రాజుతోఁ జెప్పును. కల్యాణచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మృగయావినోదము సవిస్తరముగా వర్ణితము. ఆ కల్యాణము పిదపఁ జిరకాలము నిజామురాజ్యములోనిదే. వీరు మెచ్చిన లాఘవము దేహమునకు సంబంధించినది. వింటికి భుజముమీఁద నెదురుదెబ్బ లేదు గనుక దానిని బరువు చేయవలసిన పని లేదు.

తురుష్కభాషనుండి వచ్చిన తుపాకి యను మాటతో వ్యవహారము మాఱినది. మందు పేలినపుడు గుండు ముందునకుఁ బోవును, తుపాకి వెనుకకుఁ దన్నును. గుండుబరువును వేగమును హెచ్చినకొలఁది యా తన్ను హెచ్చును. తుపాకిబరువు హెచ్చినకొలఁది తగ్గును. కావున భుజము గౌరవమును గోరును, పాదము లాఘవమును గోరును. వ్యాకరణమున గౌరవము దోషము, లాఘవము గుణము అని తీర్పు సులభము. ఇచ్చట నంత సులభము గాదు. ఆంగ్లదేశపుఁ దుపాకికర్త గ్రీనరు, చిన్నగుండ్లను జల్లు తుపాకుల కొక సూత్రము చెప్పెను: ఒకసారి పేల్చు గుండ్లబరువునకుఁ దుపాకి 96 రెట్లు తూఁగవలెను. ఔన్సు గుండ్లకు 6 పౌనుల తుపాకి యని దాని ఫలితము. మనవారి తూనికలో నది రెండు వీశెలకుఁ గొంచెము తక్కువ.

అబుల్‌ఫజలు ఐనె అక్బరీలో రెండు గజముల పొడవుగల తుపాకులను, ఒకటింబావు గజము గల పొట్టివానిని బేర్కొని, పెద్దవాని గుండు 25 టంకములు, చిన్నవాని గుండు 15 టంకములు తూఁగుననెను. 25 టంకములనఁగా ఎనిమిది తులములకుఁ బైమాట. అట్టి పెద్ద తుపాకిని బాదుషా తక్క నన్యులు పేల్చ సాహసింపరనియు వ్రాసెను. ఆస్థానచరిత్రకారుఁడు గావున నిందు స్తుతి యెంతయో పాఠకు లూహింపఁగలరు. అక్బరునకుఁ బ్రియమైన తుపాకి పేరు సంగ్రామము. 1568లో రాజపుత్రుల చిత్తోడుకోటలో జయమల్లుఁడు దానిచేతనే కూలెనని చెప్పుదురు. కాని ముట్టడిలో నిలిచి కొట్టుట వేఱు, దినమెల్ల నడచి కొట్టుట వేఱు.

సింహళమున వేటాడిన సామ్యూలు బేకరు 1840లో గిబ్సను పనివానిచేఁ జేయించుకొన్న రైఫిలు 21 పౌనులు తూఁగెను. మన లెక్కకు మణుగునకు వీశెంబావు తక్కువ! దాని గుండు 3 ఔన్సులు, మందు 16 డ్రాములు. గ్రీనరుసూత్రము రైఫిళ్లకై చేసినది గాదు. అయినను దానిని మోటుగా నన్వయించి చూచినచో 3 ఔన్సులకు 18 పౌనులు వచ్చును. కావున బేకరుది వట్టి చాపల్యము గాదు. నల్లమందుకాలమున నేనుఁగును నిలుపవలెనన్న గుండు పెద్దది కావలెను, గుండు పెద్దదైనచోఁ దుపాకియు బరువెక్కవలెను. ఆ బరువునకుఁ బరిహారముగా నాతని వెంటఁ దుపాకులు మోయు సేవకులు నడచిరి. ఆతని గ్రంథములలో వారి ప్రసక్తి పలుమాఱు వచ్చును.

నిజామురాజ్యమునను స్థితి యిట్టిదే. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను (1869–1911) గుఱి తప్పని వేటకాఁడని ప్రసిద్ధుఁడు. ఆయన యాస్థానచిత్రకారుఁడు రాజా దీనదయాళుఁడు తీసిన ఛాయాచిత్రములలో వేటవిడుదులు, నేలఁ బడిన పులులు, చుట్టు నిలిచిన పరివారము నేఁటికిని జూడవచ్చును. రాజప్రతినిధి కర్జనుప్రభువు 1902లో నీ రాజ్యమున వేటాడిన చిత్రములును గలవు. తప్పెటలు మ్రోఁగించి మృగమును దోలువారు వందలకొలఁది. మంచెపైఁ గూర్చుండి కొట్టువాఁ డొక్కఁడు. అట్టివానికిఁ దుపాకి పదిపౌను లైన నేమి, ఇరువది యైన నేమి? అది యాతని చేతిలో నుండునది కొన్ని నిమిషములే. తక్కిన క్రోసులన్నియు మఱియొకని భుజముపై నడచినవి. చిత్రముల క్రింద సాధారణముగాఁ బ్రభువుల పేళ్లే నిలిచినవి.

1898లో లండనులోని రిగ్బీవారు కార్డైటుమందుతోఁ బేలు 450 సంఖ్య జోడునళి రైఫిలును వెలువరించిరి. ఔన్సుకుఁ గొంచె మెక్కువైన గుండే మహావేగముచేఁ బూర్వపు పెద్దగుండు పనిని జేసెను. తుపాకిబరువు 11 పౌనుల ప్రాంతమునకు దిగెను. పిమ్మట మౌజరుపద్ధతి యొంటినళి రైఫిళ్లు మఱింత తేలికపడినవి. కుమావూఁబ్రాంతమున 1907లో చంపావతుపులిని జంపిన జిమ్ కార్బెటునకు బహుమానముగా నిచ్చిన రిగ్బీ 275 రైఫిలు ఇంచుమించు 7 పౌనులది. 1926లో రుద్రప్రయాగపుఁ జిఱుతను గూల్చినది దానితోడనే. ఆతనికి బరువైన జోడునళి రైఫిలును గలదు. కాని కొండదారుల నొంటిగాఁ దిరుగువానికి 7 పౌనులకుఁ గల విలువ వేఱు.

ఇంకను తేలిక చేయుట మేలని తలఁచుట పొరపాటు. మిక్కిలి తేలికైన నళి, యెక్కుడు నడచి రొప్పుచున్నవాని చేతిలో నిలువక గుఱిని జెదరించును. కావున స్వయముగా మోయువానికి 7 నుండి 9 పౌనుల వఱకు, అనఁగా రెండుంబావు మొదలు మూఁడు వీశెలకు లోపలఁ, దగిన మేర యని చెప్పవచ్చును. తూటాల సంచి, నీళ్లతిత్తి వేఱుగా లెక్కింపవలెను.

తమ కాళ్లతోఁ దిరిగి వేటాడినవారికి దృష్టాంతము మన నల్లమలచెంచులు. ఫ్యూరర్ హైమెండార్ఫు 1943లోఁ బ్రకటించిన గ్రంథమున వారి వెదురువిండ్లు, అంబులు, గొడ్డండ్లు వర్ణింపఁబడినవి. వారిలో నెవని యాయుధము వానిదే, మోఁత వానిదే.

1972 వన్యప్రాణిసంరక్షణశాసనముతోఁ బులివేట యీ దేశమున నిషిద్ధమయ్యెను. ఆ చెంచుల యమ్రాబాదు నేఁడు పులుల యభయారణ్యము. తుపాకులు మాత్రము బీరువాలలోను, పాత సంస్థానపు గృహములలోను మిగిలియున్నవి. వానిని బరిశీలించువారు పొడవుతోఁబాటు తూనికను, మడమపై నఱిగిన చోటును, తోలుపట్టెఁ దగిలించు కొక్కెములు గలవో లేవో యను దానిని వ్రాసికొనుట యవసరము. కొక్కెములు లేని పదునాఱు పౌనుల తుపాకి, తనవాఁడు దానిని మోసికొని నడువలేదని చాలవఱకుఁ దెలుపును.