పన్ను పెట్టిన పేర్లు

పేర్ల పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకోవడం నాకున్న వ్యసనాల్లో ఒకటి. మన ఇంటిపేర్లలో చాలావాటి వెనుక ఒక ఊరు ఉంటుంది. ఇంగ్లండులో విలియం మోరిస్ తన కార్లకు పెట్టిన పేర్లూ అటువంటివే. 1913 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆయన పెరిగిన ఊరి పేరు. 1915 నాటి మోరిస్ కౌలీ ఆయన కర్మాగారం వెలసిన చోటు పేరు. మరి ఆస్టిన్ సెవెన్, మోరిస్ ఎయిట్ వంటి అంకెల మాటేమిటి? వాటిని పెట్టింది, నన్నడిగితే, పన్ను.

1921 నుంచి బ్రిటన్‌లో కారుకు అశ్వశక్తికి ఒక పౌను చొప్పున ఏటా పన్ను కట్టాలి. ఆ అశ్వశక్తిని ఇంజను నడిపి కొలిచేవారు కాదు. సిలిండరు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, రెండున్నరతో భాగించేవారు. పిస్టన్ ఎంత దూరం కదులుతుందన్నది లెక్కలోకే రాదు! మూడుముప్పావు అంగుళాల సిలిండర్లు నాలుగున్న ఫోర్డ్ మోడల్ టీకి ఈ లెక్కన 22.5 వచ్చింది, పన్ను 23 పౌన్లు.

అప్పటికి ఆస్టిన్ కంపెనీ అప్పుల్లో మునిగి ఉంది. చిన్నకారు ఆలోచన డైరెక్టర్లకు రుచించలేదు. హెర్బర్ట్ ఆస్టిన్ పట్టు విడవక, స్టాన్లీ ఎడ్జ్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి తోడు పెట్టుకుని తన ఇంట్లోనే నమూనా గీయించాడు. 1922లో వెలువడిన ఆ బండికి లెక్క 7.2, పన్ను 8 పౌన్లు. అదే ఆస్టిన్ సెవెన్. సైడుకారు తగిలించిన మోటారుసైకిలుపై పెళ్ళాంబిడ్డలను తిప్పే సామాన్యుడికి అది అందుబాటులోకి వచ్చింది, కంపెనీ గట్టెక్కింది.

బలాన్ని చాటుకునే పేర్లు లోకంలో కొల్లలు. 'నేను చిన్నదాన్ని, నీకు భారం కాను' అని చాటుకున్న పేరు ఇది. అందుకే నాకు ముచ్చట.

అయితే ఈ లెక్కకు మూల్యమూ ఉంది. పన్ను తగ్గించుకోవడానికి సన్నని, పొడుగాటి సిలిండర్లు చేయడం బ్రిటిష్ ఇంజనీర్లకు అలవాటైపోయింది. చట్టం మారి, 1948 నుంచి కొత్త కార్లన్నిటికీ ఒకే పన్ను వచ్చాక అంకెలకు అర్థం పోయింది. 1959లో ఇసిగోనిస్ రూపొందించిన కారుకు 'ఆస్టిన్ సెవెన్' అన్న పేరును మళ్ళీ తగిలించినా, 1962లో దాన్ని ఆస్టిన్ మినీగా మార్చారు.

మనకూ ఇందులో వాటా ఉంది. మోరిస్ టెన్ ఇక్కడ హిందుస్తాన్ టెన్ అయింది. అంటే ఆ పరాయి పన్ను లెక్క మన రోడ్లమీదా తిరిగిందన్నమాట! మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మాత్రం ఊరి పేరు వదులుకుని, అంబాసిడర్‌గా 2014 దాకా మన దేశంలో తయారైంది.