రంధి, పంచనామా, పలకరింపు: నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మానసిక సంక్షోభ స్పందన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మనసు తెగిపోయే ఘడియలో మనిషి దగ్గరికి మొదట ఎవరు వస్తారన్నది వైద్యచరిత్రకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. అది భాషకూ పాలనకూ చెందిన ప్రశ్న కూడా. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేపథ్యంలో ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడ మానసిక సంక్షోభానికి రాజ్యం ఇచ్చిన స్పందన బతికున్న మనిషి చుట్టూ కాక, చనిపోయిన మనిషి దస్త్రం చుట్టూ ముందుగా రూపుదిద్దుకొన్నదని, ఆ క్రమం మన భాషలో కూడా ముద్ర వేసిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రంధి, మనాది, ఎర్రగడ్డ, పంచనామా, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, కిసాన్ మిత్ర, టెలి మానస్.

1. బాధకు ఉన్న పేర్లు

దక్షిణ తెలంగాణ పల్లెల్లో మనోవేదనను చెప్పే మాటలకు కొదవ లేదు. తీరని దిగులును రంధి అంటారు. పోయినవారి గురించో దూరమైనవారి గురించో లోలోపల కుమిలి మంచం పట్టే స్థితి మనాది. సంస్కృతంలో శరీర బాధ వ్యాధి, మనసు బాధ ఆధి. ‘ఆధివ్యాధులు’ అన్న జంటపదంలో ఈ భేదం నేటికీ నిలిచి ఉంది. మనాది ఆ ఆధి నుంచే వచ్చిందనుకోవడానికి అవకాశం ఉంది. ఉర్దూ మీదుగా వచ్చిన ఫికర్, పరేషాన్ రోజువారీ చింతకు సరిపోతాయి. యాష్ట వీటన్నింటికన్నా బరువైన మాట. ‘బతుకు యాష్టకొచ్చింది’ అని ఒకరు అన్నప్పుడు అది కేవలం విసుగు కావచ్చు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనకు తొలి సూచన కావచ్చు. ఆ తేడాను పట్టుకోవడమే సంక్షోభంలో ఉన్న ఇంటికి వెళ్ళే మానసిక వైద్యునికి, మనస్తత్వ నిపుణునికి మొదటి పని. అది రోగనిర్ధారణ కంటే ముందు జరిగే భాషాపరమైన పని.

‘మందు’ అన్న మాట మరీ చిక్కైనది. తెలుగులో ఔషధం మందే, సారాయి మందే, చేనుకు కొట్టే పురుగుమందూ మందే. ‘మందు తాగిండు’ అని ఫోనులో వినిపించినప్పుడు ఏ మందు అన్న ఎదురు ప్రశ్న వేయక తప్పదు. ఆ జవాబును బట్టే తర్వాతి గంట నడుస్తుంది. ఇది చమత్కారం కోసం చెబుతున్న ఉదాహరణ కాదు. పురుగుమందు ఇంట్లోనే, చేతికందే చోట ఉండే వ్యవసాయ ప్రాంతంలో క్షణికమైన తెగింపుకూ మరణానికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. శ్రీలంక 1995లో అత్యంత విషపూరితమైన పురుగుమందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను నిషేధించిన తర్వాత అక్కడి ఆత్మహత్యల రేటు పదేళ్లలో దాదాపు సగానికి తగ్గింది. అక్కడ అప్పులు తీరిపోలేదు, బాధలు మాయం కాలేదు. చేతికి అందే విషం మారింది.

ఇంటి మాటలు ఇలా ఉండగా, పత్రికల్లో, పోలీసు కాగితాల్లో వేరొక నుడికారం స్థిరపడింది. ‘జీవితంపై విరక్తి చెంది’, ‘మనస్తాపానికి గురై’, ‘మతిస్థిమితం లేక’, ‘కడుపునొప్పి తాళలేక’ వంటివి తెలుగు పాఠకులందరికీ కంఠస్థమైన పదబంధాలు. వీటిలో చివరిది ప్రత్యేకంగా గమనించదగ్గది. మనోవేదన కడుపునొప్పిగా, తలనొప్పిగా, ఒళ్ళునొప్పులుగా వ్యక్తం కావడం వైద్యులు ఎరిగిన విషయమే. కాబట్టి ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. అదే సమయంలో అది కుటుంబాన్ని పరువు నష్టం నుంచీ, తదుపరి విచారణ నుంచీ కాపాడే మాట కూడా. రంధి అన్న మాట మాత్రం ఆ కాగితంలోకి ఎక్కదు.

2. జాల్నా, ఎర్రగడ్డ, ఆ తర్వాత

నిజాం రాజ్యంలో మానసిక రోగుల ఆశ్రయం 1895లో జాల్నాలో, కారాగారానికి అనుబంధంగా మొదలైంది. జాల్నా ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. దేవరకొండ నుంచో కొల్లాపూర్ నుంచో ఒక మనిషిని అంత దూరం తీసుకుపోవడం సామాన్య కుటుంబానికి సాధ్యమయ్యే పని కాదు. పైగా ఆశ్రయం జైలును ఆనుకొని ఉండటం కేవలం కట్టడానికి సంబంధించిన విషయం కాదు. 1912 నాటి భారత ఉన్మాద చట్టం కూడా ఇటువంటి మనిషిని మొదట పోలీసుకూ న్యాయాధికారికీ అప్పగించింది, వైద్యుడు ఆ తర్వాతే వచ్చాడు.

1953లో ఈ ఆసుపత్రి హైదరాబాదులోని ఎర్రగడ్డకు చేరింది. దూరం తగ్గింది గానీ భయం తగ్గలేదు. ‘ఎర్రగడ్డ’ అనే ఊరిపేరు తెలంగాణలో తిట్టుగా, హాస్యంగా మారింది. ‘నిన్ను ఎర్రగడ్డల ఎయ్యాలె’ అన్న మాట వినని తెలంగాణవారు అరుదు. ఛాతీ ఆసుపత్రి కూడా ఎర్రగడ్డలోనే ఉన్నా ఆ పేరు క్షయతో ముడిపడలేదు, పిచ్చితోనే ముడిపడింది. ఒక వైద్యసంస్థ ఉన్న చోటు జాతీయంగా మారడం ఆ సంస్థ పట్ల సమాజ వైఖరికి సాక్ష్యం.

ఆ మధ్యకాలమంతా పల్లెలో తొలి స్పందన భూతవైద్యునిది, గుడిది, దర్గాది. ‘గాలి సోకింది’ అన్న వివరణకు ఒక మేలు ఉంది: అది తప్పును మనిషి మీద వేయదు. కీడూ ఉంది. గాలి అయితే విడిపించవచ్చు, ఎవరో ‘చేసిందైతే’ చేసినవారిని వెతకాలి. బాణామతి, చేతబడి నెపంతో తెలంగాణ జిల్లాల్లో పదేపదే జరిగిన దాడుల వెనుక చాలాసార్లు ఒక ఇంట్లో అర్థం కాని జబ్బు ఉంటుంది. ఒకరి సంక్షోభం మరొకరి ప్రాణం మీదికి వస్తుంది. ఆధ్యాత్మిక ఆశ్రయాలను ఊరికే కొట్టిపారేయడం, ఊరికే కీర్తించడం రెండూ తొందరపాటే. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టివేసిన రోగులు పారిపోలేక 28 మంది మరణించారు. ఆ ఘటన తర్వాతనే సుప్రీంకోర్టు జోక్యం చేసుకొంది.

వైద్యాన్ని ఆసుపత్రి గోడల నుంచి ఊరికి తేవాలన్న ఆలోచన 1982 నాటి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమంతో వచ్చింది. బెంగళూరు నిమ్‌హాన్స్ 1980లలో బళ్ళారి జిల్లాలో దాన్ని ఆచరించి చూపింది. 1996లో జిల్లా కార్యక్రమం మొదలైన తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. మానసిక వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు, సామాజిక కార్యకర్త, నర్సు కలిసిన బృందం జిల్లా కేంద్రం నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వెళ్ళడం దాని పద్ధతి. అయితే ఇది నిర్ణీత దినాల్లో జరిగే వైద్యం. సంక్షోభం వారం చూసుకొని రాదు. బోధనాసుపత్రుల విషయానికి వస్తే, మహబూబ్‌నగర్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో వచ్చాయి. అంతకు ముందు ఈ జిల్లాల వాసుల్లో చాలామంది ప్రభుత్వ బోధనాసుపత్రి కోసం సుమారు నూరు కిలోమీటర్ల దూరంలోని నగరానికే వెళ్ళవలసి వచ్చేది.

2015–16లో నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని అది తేల్చింది. ఆ 12లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. తెలుగు పరిశోధకులు తమ వ్యాసాల్లో ఆ అంకెలను తెలుగు జిల్లాలకు అన్వయించే ముందు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

3. దస్త్రంలో మనసు

జీవించి ఉన్నవారి కోసం వ్యవస్థ ఇంత నెమ్మదిగా కదిలిన కాలంలోనే, మరణించినవారి కోసం ఒక వ్యవస్థ వేగంగా ఏర్పడింది. 1990ల చివరి నుంచి పత్తి రైతుల ఆత్మహత్యలు తెలంగాణను కుదిపిన తర్వాత, 2004 జూన్‌లో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 421వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. బాధిత కుటుంబానికి లక్ష రూపాయల పరిహారం, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు అందులోని ప్రధానాంశం. 2015లో తెలంగాణ ప్రభుత్వం 194వ ఉత్తర్వు ద్వారా ఈ మొత్తాన్ని 6 లక్షలకు పెంచింది.

ఈ ఉత్తర్వుల అవసరాన్ని ఎవరూ కాదనలేరు. ఇక్కడ పరిశీలనాంశం వేరు. పరిహారం రావాలంటే రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు కలిసి ఆ మరణం ‘నిజమైన’ రైతు ఆత్మహత్యేనని ధ్రువీకరించాలి. పట్టాదారు పుస్తకం, అప్పు పత్రాలు, పంచనామా, శవపరీక్ష నివేదిక కావాలి. ఒక మనిషి చివరి నెలల్లో ఎలా ఉన్నాడు, ఎవరితో మాట్లాడడం మానేశాడు, నిద్రపోయాడా లేదా అన్న ప్రశ్నలను ప్రభుత్వం తరఫున ఎవరైనా ఆ ఇంటి గడపలో అడిగారంటే అది ఈ విచారణలోనే, అదీ అతడు పోయాకే. అప్పు ఉంటే మనసు లెక్కలోకి రాదు; మనసు గురించి చెబితే, అది ‘మానసిక సమస్య, రైతు సమస్య కాదు’ అనే తిరస్కరణకు ఆధారం కావచ్చు. కనుక కుటుంబాలు రంధిని దాచి అప్పును చెప్పడం నేర్చుకొన్నాయి. నిజానికి ఆ ఇంట్లో రెండూ ఒకటే.

కౌలుదారు పేర పట్టా ఉండదు. పొలంలో సగం పని చేసే స్త్రీ పేరా చాలాచోట్ల ఉండదు. బతుకుదెరువుకు ముంబయికో భీవండికో పోయిన పాలమూరు కూలీ అక్కడే ప్రాణం తీసుకొంటే అది అసలు రైతు మరణంగానే కనిపించదు. ఈ మూడు రకాల మనుషులూ దస్త్రం బయటే మిగిలారు.

2018 ఆగస్టులో వచ్చిన రైతు బీమా ఈ స్థితిని ఊహించని రీతిలో మార్చింది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షలు అందుతాయి. మరణ కారణాన్ని నిరూపించే అవమానం తప్పింది, ఇది మేలే. అయితే కారణం అడిగే కాగితం లేకపోవడంతో ఆ కారణాన్ని నమోదు చేసే చోటూ పోయింది. కౌలుదారు ఈ పథకానికి కూడా బయటే ఉన్నాడు.

4. నేరం నుంచి ఒత్తిడికి

భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా పరిగణించినంత కాలం, ప్రాణాలతో బయటపడినవారి మాట ఆసుపత్రిలోనే మారిపోయేది. ‘పొరపాటున తాగిండు’ అన్నది ఆ కాలపు ప్రామాణిక వాక్యం. పొరపాటుకు కడుపు కడిగి ఇంటికి పంపితే చాలు, మనసు గురించి అడగవలసిన పని ఉండదు. కేసు భయం ఇలా చికిత్సను సగంలో ఆపింది.

2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఇక్కడ మలుపు. దాని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి. అతనికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. 94వ సెక్షన్ అత్యవసర పరిస్థితిలో ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా, ఇంటి వద్దనైనా సరే, రోగి నామినేట్ చేసిన ప్రతినిధి సమ్మతితో 72 గంటల వరకు చికిత్స చేయడానికి వీలు కల్పించింది. రోడ్ల మీద తిరిగే మానసిక రోగిని పోలీసులు లాకప్‌లో ఉంచరాదని 100వ సెక్షన్ చెప్పింది. జాల్నా జైలు గోడ కాగితం మీద కూలడానికి 120 ఏళ్లకు పైగా పట్టింది.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. కానీ ప్రభుత్వోద్యోగిని నిర్బంధించే ఉద్దేశంతో చేసే ఆత్మహత్యాయత్నం 226వ సెక్షన్ కింద నేరంగా మిగిలింది. పాసుపుస్తకంలో పేరు తప్పు పడిందని పురుగుమందు డబ్బాతో తహశీల్దారు కార్యాలయానికి వచ్చే రైతు మన జిల్లాలకు కొత్త కాదు. అతడు తీవ్ర ఒత్తిడిలో ఉన్న రోగియా, ఉద్యోగిని బెదిరించిన నిందితుడా? ఆ గదిలో ముందుగా వచ్చేది పోలీసా, వైద్యుడా అన్నదాన్ని బట్టే దీనికి జవాబు తేలుతుంది.

5. ఫోను, గడప

పోలీసు స్థానంలో వైద్యసిబ్బందిని పంపే ప్రయోగాలు ఇతర దేశాల్లో ముందుగానే జరిగాయి. అమెరికాలోని యూజీన్ నగరంలో 1989లో మొదలైన కహూట్స్ బృందం అందుకు తరచుగా చెప్పే ఉదాహరణ. మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనం శరీరానికి ఆ పని చేసింది. మనసు కోసం జాతీయ స్థాయిలో 14416 నంబరుతో టెలి మానస్ వచ్చింది 2022 అక్టోబరు 10న.

అంతకన్నా ముందే, పాలమూరుకు ఆనుకొని ఉన్న వికారాబాద్ జిల్లాలో 2017లో కిసాన్ మిత్ర సహాయవాణి ప్రారంభమైంది. నాటి కలెక్టర్ దివ్య దేవరాజన్, సుస్థిర వ్యవసాయ కేంద్రం కలిసి దీన్ని నడిపారు. ఈ ప్రయత్నం విశిష్టత దాని అమరికలో ఉంది. రైతు విత్తనం గురించో అప్పు గురించో పట్టా గురించో ఫోను చేస్తాడు. ఆ సమస్య సంబంధిత శాఖకు వెళ్తుంది, అది తేలేదాకా వెంటపడేవారు ఉంటారు. ఆ సంభాషణ మధ్యలో రంధి బయటపడుతుంది. 421వ ఉత్తర్వు విడదీసిన అప్పునూ మనసునూ ఈ పద్ధతి తిరిగి కలిపిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఫోను పెట్టేశాక ఏమి జరగాలన్నదానికి ఒక బలమైన ఆధారం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో చెన్నై సహా ఐదు నగరాల్లో, ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందితో జరిగిన అధ్యయనం 2008లో వెలువడింది. ఒక బృందానికి మామూలు చికిత్స. మరో బృందానికి దానితోపాటు ఒక గంట మాట్లాడడం, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోనులోనో ఇంటికి వెళ్లో యోగక్షేమాలు అడగడం. మొదటి బృందంలో ఆత్మహత్యతో మరణించినవారు 2.2 శాతం, రెండో బృందంలో 0.2 శాతం.

ఈ తొమ్మిదిసార్లు చేసిన పనికి మన భాషలో పేరు ఉంది: పలకరింపు. పల్లెలో చావు జరిగిన ఇంటికి బంధువులు, ఊరివాళ్లు, పనులు మానుకొని పలకరింపుకు వస్తారు. ప్రాణం దక్కినవాని ఇంటికి మాత్రం సిగ్గు వల్లనో కేసు భయం వల్లనో ఎవరూ రారు. ఆ ఇంటి తలుపు తట్టేది ఆశా కార్యకర్త, నర్సు, మనస్తత్వ నిపుణుడు. వీరు అడగవలసిన ప్రశ్నలు ఎక్కువేమీ ఉండవు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. ఇంట్లో మందు డబ్బా ఎక్కడుందో కనుక్కొని దూరం చేయించాలి. ఒంటరిగా వదలవద్దని ఇంటివాళ్లకు చెప్పాలి. మళ్ళీ ఎప్పుడు వస్తామో చెప్పి ఆ రోజే రావాలి.

మానసిక వైద్య శిక్షణలో రోగి ప్రధాన ఫిర్యాదును అతని సొంత మాటల్లోనే రాసుకోవాలన్న నియమం ఉంది. కేసు పత్రం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. చందంపేట తండాలోనో మక్తల్ చెరువుకట్ట మీదనో ‘యాష్టకొచ్చింది సారూ’ అన్న మనిషి మాట అక్కడ ‘టెన్షన్’ అవుతుంది, రంధి కూడా ‘టెన్షన్’, మనాది కూడా ‘టెన్షన్’. ఈ మూడు మాటల అర్థచ్ఛాయలను మాండలికాలవారీగా, ప్రమాద తీవ్రత సూచనతో నమోదు చేసిన పదకోశం ఒకటి తెలుగు శాఖలు, మానసిక వైద్య శాఖలు కలిసి తయారు చేయవలసి ఉంది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. రెండు పట్టణాల్లోనూ ఇప్పుడు వైద్య కళాశాలలు ఉన్నాయి.