వేటగాని పొదిలో నెన్ని?



వేటకు బోవువాడు తనవెంట నెన్ని బాణములు, ఎన్ని తూటాలు కొనిపోవలె ననునది చూచుటకు చిన్న ప్రశ్న. వేటయే నిషిద్ధమైన యీ దినములలో దానితో మనకేమి పనియని మీ రడుగవచ్చును. కాని మన తెలుగు మైదానములలో జింకలమందలును, బట్టమేక పిట్టలును ఏల పలుచబడినవో తెలిసికొనగోరువారు ముందుగా వేటగాని నడుమున వ్రేలాడు సంచిలోనికి తొంగిచూడవలెను.

మన పూర్వు లీ లెక్క నెఱుగనివారు కారు. దశరథుడు చీకటిలో నేనుగు నీరు త్రాగుచున్నదని భ్రమసి సరయూతీరమున విడిచిన బాణ మొక్కటియే. మృగరూపమున నున్న కిందమ మునిపై పాండురాజు వేసినవి యైదు. నన్నయభట్టు తెనిగించిన యాదిపర్వము చివర నున్న ఖాండవదహన కథ వేఱు. అచట నర్జునుడు, తనకు భుజబల మున్నది గాని దానికి తగిన విల్లును, తఱుగని బాణములును లేవని యగ్నిదేవునితో చెప్పెను. అగ్ని వరుణు నడిగి గాండీవమును, అక్షయతూణీరములు రెంటిని ఇప్పించెను. పిమ్మట నా యడవినుండి బ్రదికి బయటపడినవా రార్గురే: అశ్వసేనుడను నాగుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు. నేను బడిలో నీ కథ చెప్పునపు డెల్ల పిల్లలు అర్జునుని పక్షముననే యుండెడివారు. నా మనసు మాత్ర మా నాలుగు పక్షిపిల్లల చుట్టు తిరుగుచుండెడిది. తిక్కన సోమయాజి మౌసలపర్వమునకు వచ్చునప్పటి కా తూణీరములే వట్టివైనవి. యాదవస్త్రీలను వెంటబెట్టుకొని వచ్చుచుండగా దారిలో దొంగలు పైబడిరి. బాణములు తఱిగి, విజయుడంతటివాడు వింటికొనతో మోదవలసివచ్చెను.

పురాణ మటుండనిచ్చి చరిత్రకు వత్తము. నల్లమల చెంచుల నడుమ 1940లో నివసించి, 1943లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించిన హైమెండార్ఫు పండితుడు వారి విల్లంబులను వర్ణించియున్నాడు. విల్లు పట్టినవానికి బాణము తన చేతిపని. పుల్ల కోయవలెను, వంకరదీయవలెను, ఈక కట్టవలెను, ములికి దిగవేయవలెను. తప్పిపోయిన బాణమును ముండ్లలోనైన వెదకి తెచ్చుకొనును.

మూతినుండి మందు పోయు నాటుతుపాకి వచ్చిన పిమ్మటను ఈ మితము పూర్తిగా పోలేదు. ఆ మందు సురేకారము 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకము 10 చొప్పున కలిపినది. దానిని గొట్టములో పోసి, గుడ్డపీలిక కూరి, సీసపు రవలు వేసి, మరల కూరి, చెవియొద్ద కేపు పెట్టవలెను. ఇంతలో పంది పొలము దాటి పోవనే పోవును. 1878 నాటి యాయుధచట్టముతో తుపాకికి లైసెన్సు కావలసివచ్చెను. దొరలకు మాత్రము మినహాయింపు! ఏ చేతిలోని తూటా లెక్కింపబడెనో, ఏ చేతిలోనిది లెక్కింపబడదయ్యెనో దీనివలన తెలియగలదు.

మా కొత్తపట్నములో నా బాల్యమున అట్టి నాటుతుపాకి గల వృద్ధుడొకడుండెను. వేరుసెనగ చేలమీద పందులు పడినపుడు రైతు లతనిని పిలుచుకొనిపోయెడివారు. బొటనవ్రేలంత లావు వెదురుగొట్టము లైదు, ఒక్కొక్కదానిలో నొక్క దెబ్బకు సరిపడు మందు కొలిచి పోసి, గుడ్డతో బిరడా పెట్టి, మొలత్రాటికి కట్టుకొనెడివాడు. అయిదే యేల తాతా యని నేనడిగితిని. “ఒకటి కొట్టటానికి, ఒకటి తప్పటానికి, ఒకటి దెబ్బతిని పరిగెత్తినదాని బాధ తీర్చటానికి. కడమ రెండూ ఇంటికి తెచ్చుకోటానికి రా, అబ్బాయ్” అని చెప్పెను. మూడవదానిని గూర్చి యతనికి పట్టుదల యెక్కువ. గాయపడినదానిని విడిచి వచ్చుట యతని దృష్టిలో దొంగతనముకంటె నీచము. తెల్లవార్లు లాంతరు పట్టుకొని నెత్తుటిచుక్కల వెంట తిరిగిన రాత్రులు కలవు.

వెనుకనుండి తూటా పెట్టు తుపాకులు పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున ప్రబలినవి. పండ్రెండు బోరనగా నేమో చాలమంది యెఱుగరు. ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో, అందొక గుండు పట్టునంత గొట్టమని యర్థము. పిట్టల తూటా యొక్కదానిలో రెండువందలకు పైగా సన్నరవ లుండును. వాడు కూరనక్కరలేదు, కొలువనక్కరలేదు. పెట్టెకు ఇరువదియైదు చొప్పున అంగడిలో దొరకును. 1938 నవంబరు 12వ తేదీన భరతపురపు చెఱువులలో లిన్లిత్‌గో వైస్రాయి పరివార మొక్క దినమున కొట్టిన పక్షులు 4,273. ఆ సంఖ్యను ఘనకార్యముగా నచట రాతిపై చెక్కించిరి.

అంత దూర మేల? 1971 శీతకాలమున పట్టణమునుండి కొందఱు మిత్రులు జీపులో మా యూరికి వచ్చిరి. ఊరవతలి పఱ్ఱలో బాతులు దిగియుండెను. వారి తూటాల సంచి మోయు భాగ్యము నాకు కలిగెను. ఆ బరువునకు భుజము నొప్పియెత్తినను గర్వముతో నడచితిని. సూర్యోదయమునకు మొదలిడి రెండుగడియలలో ముగించిరి. రాగి యంచుల వట్టి తూటాలు పిల్లలకు ముద్దు గనుక ఏరితిని: అరువదిమూడు. జీపులోని కెక్కినవి పదునేడు పక్షులు. తక్కినవి జమ్ములో రెక్కలు కొట్టుకొనుచున్న చప్పుడు నేను వింటిని, వారును వినిరి. సంచి తేలికయైనది, ఇంటికి పోవుదమనిరి. నేనా సంగతి వృద్ధునితో చెప్పలేదు. చెప్పుటకు నోరు రాలేదు.

ఆ సీసముతో పని యక్కడికి తీఱదు. బురదలో పడిన రవలను ఱాతినలుసు లనుకొని బాతులు మ్రింగును, విషమెక్కి చచ్చును. ఈ కారణముననే అమెరికాలో 1991 నాటికి నీటిపక్షుల వేటలో సీసపు రవలను పూర్తిగా నిషేధించిరి. బట్టమేక పిట్ట సంగతి చూడుడు. అది సాధారణముగా నేటి కొక్క గ్రుడ్డే పెట్టును. అట్టి పక్షిని జీపులమీద తఱిమి, నడుమున నిరువదియైదు తూటాలు కట్టుకొన్నవాడు కొట్టుచుండగా లెక్క యెట్లు సరిపడును? దానికొఱకు 1988లో కర్నూలు సీమలోని రోళ్ళపాడున అభయారణ్య మేర్పఱచిరి, అప్పటికే యాలస్యమైనది. నేడు దేశమంతట నూటయేబదికి మించి లేవని తెలిసినవారి యంచనా.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1991 సవరణతో వేట దాదాపు సర్వము నిషిద్ధమయ్యెను. మా వృద్ధుడు చట్టము మాట వినగానే తుపాకిని గుడ్డలో చుట్టి ఠాణాలో నప్పగించి వచ్చెను. వెదురుగొట్టముల నెవ్వరు నడుగలేదు. ఆయన పోయిన పిమ్మట చూరులో నవి దొరకినవి. విప్పి చూడగా మూడు వట్టివి. రెండింటిలో మం దట్లే యున్నది.